సాక్ష్యంలో చెప్పిన కాలేజీ

పామర్రు,
మార్చి 9, సోమవారం.

వచ్చేసిందే తల్లీ! నీకు ఢిల్లీ కాలేజీలో సీటు వచ్చేసింది!

అమ్మా డయానా, పై ముక్క రాసేశాక చూసుకుంటే నీ పేరు కూడా పెట్టలేదు, ఎలా ఉన్నావని అడగనూ లేదు. ఆ మర్యాదలన్నీ చేశాననుకో. చెయ్యి ఆగడం లేదు.

శనివారం సాయంత్రం మీ అమ్మ పెరట్లో చేపలు కడుగుతోంది. కొరియర్ అతను వచ్చి నీలం రంగు కవరు నా చేతిలో పెట్టాడు. అంతా ఇంగ్లీషు. నా ఎనిమిదో తరగతి ఇంగ్లీషుకి అందులో రెండే ముక్కలు దొరికాయి. ఒకటి డయానా, రెండోది కంగ్రాచ్యులేషన్స్. ఆ రెండూ ఒక్క కాగితం మీదుంటే ఇంకేం చదవాలి? "మాణిక్యం! అమ్మాయికి వచ్చేసిందే!" అని అరిచాను. మీ అమ్మ చేతిలో చేప అలాగే పట్టుకుని వచ్చి, "ఆగండి, లోను తీసుకోమని బ్యాంకు వాళ్ళు కూడా కంగ్రాచ్యులేషన్స్ అనే రాస్తారు" అంది. మీ అమ్మ సంగతి నీకు తెలియందేముంది! నేను చొక్కా తొడుక్కుని నేరుగా నతానియేలు పాస్టరు గారింటికి వెళ్ళాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివి, లేచి నిలబడి నన్ను కౌగిలించుకున్నారు. ఎంబీఏ అట, ఒక్క ఏడాదిలో అయిపోతుందట, దేశం మొత్తంలో వేళ్ళ మీద లెక్కపెట్టే కాలేజీల్లో అదొకటట. "ఇశ్రాయేలు గారూ, మన సంఘంలో ఇంత పెద్ద కాలేజీకి వెళ్ళిన పిల్ల లేదండీ" అన్నారు. రెండుసార్లు చెప్పించుకున్నాను. మొదటిసారి సరిగా వినపడలేదు. రెండోసారి వినపడింది కానీ వినపడలేదన్నాను.

ఫోను చెయ్యొచ్చుగా అంటావు. నా చెవులకి మిషను పెట్టిన దగ్గర్నుంచీ ఫోనులో ఈలలు తప్ప ఏమీ రావడం లేదు కదా. నీ మెసేజీలేమో అమ్మ ఫోనుకి వస్తాయి. అమ్మ చదువుకుని నాకు సగం చెబుతుంది. ఉత్తరమైతే మొత్తం నాదే.

నాలుగేళ్ళ నుంచి చెన్నైలో ఆ కార్ల విడిభాగాల కంపెనీలో పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చుని, మళ్ళీ ఆ పరీక్షకి చదివావు. ఇక నువ్వు కోరుకున్న కన్సల్టింగ్ ఉద్యోగం వచ్చేసినట్టే.

నిన్న ఆదివారం ఆరాధనలో నిలబడి, దేవుడు మనకి చేసిన మేలు గురించి సాక్ష్యం కూడా చెప్పేశాను. ఏం చెప్పానో రాద్దామంటే కాగితం అయిపోయింది.

ఆనందంతో,
నాన్న


చెన్నై,
మార్చి 13.

నాన్నా,

నీ ఉత్తరం అందింది. చాలా సంతోషం.

నాకు ఈమెయిలు పది రోజుల కిందటే వచ్చింది. ఇంకో చోటు నుంచి కూడా కబురు రావాల్సి ఉంది, అన్నీ తేలాక ఒకేసారి చెబుదామనుకున్నాను. ఆ రెండోది నిన్న తేలింది. అది మన వైపు పేరున్నది కాదులే. ఏప్రిల్ పదో తేదీలోగా ఏదో ఒకటి ఒప్పుకుంటున్నట్టు తెలపాలి.

సాక్ష్యంలో ఏం చెప్పావు నాన్నా? కాలేజీ పేరు చెప్పావా?

అమ్మకి మోకాలి నొప్పి ఎలా ఉంది? మాత్రలు వేసుకోమను.

డయానా


పామర్రు,
మార్చి 17.

అమ్మా డయానా,

చెప్పకపోవడమేమిటి, మూడుసార్లు చెప్పాను!

ఎలా జరిగిందో విను. పాటలయ్యాక పాస్టరు గారు "ఎవరైనా సాక్ష్యం చెప్పేవారున్నారా" అన్నట్టు చెయ్యెత్తారు. నేను ముందే లేచి ఉన్నాను. సంఘం ముందు నిలబడితే ఎప్పుడూ నా గొంతు పెగలదు కదా, ఆ రోజు ఎక్కడి నుంచి వచ్చిందో! "నేను కరెంటు స్తంభాలెక్కి బతికినవాణ్ణి. నా బిడ్డ చిన్నప్పుడు నా సైకిలు వెనక కూర్చుని, చేతిలో ప్లయరు పట్టుకుని పొలాల వెంట తిరిగింది. ఈ రోజు దేవుడు ఆ బిడ్డకి దేశంలో పెద్ద కాలేజీని తన వేలితో చూపించాడు, ఇదే నీ చోటు అన్నాడు" అని కాలేజీ పేరు చెప్పాను. వెనక బల్లల వాళ్ళు వినపడలేదని చేతులూపితే మళ్ళీ చెప్పాను. కూర్చోబోతూ ఇంకోసారి చెప్పాను. అందరూ "స్తోత్రం" అన్నారు. నాకు వినపడలేదనుకో, నోళ్ళు కదలడం చూశాను. పాస్టరు గారు అందరికంటే పెద్దగా "ఆమేన్" అన్నారు. అది మాత్రం నాక్కూడా వినపడింది.

బయటికొచ్చాక ఒక్కొక్కరూ చుట్టూ మూగారు. "కన్సల్టింగ్ అంటే ఏం పని అన్నయ్యా?" అని అడిగారు. కంపెనీల్లో ఏది ఎందుకు పాడైందో చూసి చెప్పే పని అన్నాను. మచిలీపట్నం నుంచి వచ్చిన మీ యేసుకుమార్ మామయ్య, "వాళ్ళ కంపెనీ సంగతి వాళ్ళకి తెలియదా బావా? బయటివాళ్ళొచ్చి చెప్పాలా?" అని నా చెవిలో అరిచాడు. లెక్కల మాస్టారు కదా, రుజువు కావాలి.

అప్పుడు వాడికి ఆ రొయ్యల చెరువు రైతు సంగతి చెప్పాను. మూడు మోటార్లు కాలిపోయాయని ట్రాన్స్‌ఫార్మర్ ముందు నిలబడి డిపార్టుమెంటుని తిడుతున్నాడాయన. నేను ట్రాన్స్‌ఫార్మర్ వైపు చూడనే లేదు. చెరువు గట్టు మీద చుట్టూ నడిచాను. అవతలి మూల ఆయన బావమరిది కొత్తగా రెండు గాలి మిషన్లు తెచ్చి అదే తీగకి తగిలించేశాడు. ఆ ఇంట్లో రోజూ అన్నం తినే మనిషి చేసిన పని ఆయనకి తెలియదు, బయటివాణ్ణి నాకు తెలిసింది. "నా కూతురు కంపెనీల గట్ల మీద నడుస్తుందిరా" అన్నాను. వాడు నోరు మూశాడు. వాడి జీవితంలో ఇదే మొదటిసారి.

సరే, నా సంతోషంలో పడి అడగడం మరిచాను. ఆ రెండో చోటు ఏమిటి? నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. "చాలా సంతోషం" అని రాశావు. నువ్వు సంతోషంగా ఉన్నప్పుడు ఆ మాట రాయవు. నన్ను ఆటపట్టిస్తావు, నా అక్షరాలు ఎండిన తీగల్లా ఉన్నాయంటావు. ఈసారి మోకాలి మాత్రల గురించి రాశావు. తీగలో కరెంటు ఉందో లేదో చూసే మనిషిని నేను. ఏదో ఉంది. చెప్పు.

నాన్న


చెన్నై,
మార్చి 22.

నాన్నా,

పట్టేశావు. నీ అక్షరాలు ఎండిన తీగల్లానే ఉన్నాయి, చాలా?

రెండో సీటు పూణేలో. రెండేళ్ళ చదువు. మనవైపు ఆ కాలేజీ పేరు చెబితే "ఎక్కడుంది?" అంటారు. ఢిల్లీ పేరు చెబితే కుర్చీ వేస్తారు. అది నిజంగా గొప్ప కాలేజీయే, అందులో అనుమానం లేదు. కానీ నాకు కావాల్సింది గొప్ప కాలేజీ కాదు నాన్నా, కన్సల్టింగ్‌లోకి వెళ్ళే తలుపు. ఆ రెండూ ఒకటే అని నేనూ అనుకున్నాను, ఈ నెల రోజుల్లో పాత విద్యార్థులతో మాట్లాడేదాకా.

రెండేళ్ళ చదువులో మొదటి ఏడాది అయ్యాక వేసవిలో రెండు నెలలు కంపెనీల్లో పని చేయిస్తారు. కన్సల్టింగ్ వాళ్ళు అప్పుడే పిల్లల్ని చూసుకుని, నచ్చినవాళ్ళని ఉంచేసుకుంటారు. వేరే పని నుంచి వచ్చే నాలాంటి దానికి అదే తలుపు. ఒక్క ఏడాది చదువులో ఆ రెండు నెలలు ఉండవు. నాలుగేళ్ళు విడిభాగాల ప్లానింగ్ చేశాను కాబట్టి, ఢిల్లీలో ఏడాది చదివి వస్తే అదే పనికి పెద్ద కుర్చీ దొరుకుతుంది. మంచి కుర్చీయే. నేను లేచి వెళ్ళిపోదామనుకున్న కుర్చీ.

పూణేలో కిందటేడు నలభై మంది కన్సల్టింగ్‌కి ప్రయత్నిస్తే పదిహేడు మందికి దొరికింది. అక్కడ సీనియర్లు జూనియర్లని కూర్చోబెట్టి రోజూ ఇంటర్వ్యూ సాధన చేయిస్తారట. ఆ ఇంటర్వ్యూలో ఒక చిక్కు ఇచ్చి విప్పమంటారు. ఇదిగో, నీకూ ఒకటి: విజయవాడలో ఒక బిర్యానీ హోటలు. జనం ముందులాగే వస్తున్నారు, రేట్లు మారలేదు, లాభం మాత్రం తగ్గింది. ఎందుకు? ముందు ఏం అడుగుతావు?

ఇదంతా నువ్వు అడిగావని రాశాను, అంతే. నేను ఢిల్లీకే వెళ్తున్నాను. దేవుడు తన వేలితో చూపించాడని సంఘం ముందు సాక్ష్యం చెప్పావు. ఇప్పుడు నేను వేరే చోటికి వెళ్తే నువ్వు దేవుడి పేరు మీద అబద్ధం చెప్పినట్టో, నేను దేవుణ్ణి కాదన్నట్టో అవుతుంది. ముప్పై ఏళ్ళుగా ఆ మూడో బల్ల మీద కూర్చుంటున్నావు. ఆ బల్ల మీద నువ్వు తలవంచుకుని కూర్చోవడం నాకు ఇష్టం లేదు. ఢిల్లీలో కూడా కొందరికి దొరుకుతుంది, ఆ కొందరిలో నేనుంటాను. ఈ సంగతి ఇక్కడితో వదిలెయ్యి నాన్నా.

డయానా


భవానీపురం, విజయవాడ,
మార్చి 27, శుక్రవారం.

నా తల్లీ,

వదల్లేదు. మా జయకృష్ణ ఇంట్లో కూర్చుని రాస్తున్నాను.

నీ ఉత్తరం బుధవారం అందింది. నిన్న పొద్దున్నే బస్సెక్కాను. ఎందుకంటే, సబ్‌స్టేషన్‌లో నాతో పని చేసిన జయకృష్ణ తమ్ముడి కూతురు పద్మశ్రీ ఆ ఢిల్లీ కాలేజీలోనే, ఆ ఏడాది చదువే, మూడేళ్ళ కిందట చదివింది. ఇప్పుడు భవానీపురంలో ఇంటి నుంచే పని చేస్తోంది. మీ అమ్మకి మాత్రం చెవుల మిషను చూపించుకోవడానికని చెప్పాను. నమ్మలేదు. పులిహోర కట్టి ఇచ్చింది, ఇద్దరికి సరిపడా.

పద్మశ్రీ ఎంత మంచి పిల్లనుకున్నావు! కాఫీ ఇచ్చింది. నేను ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్ళాను. ఆ అమ్మాయి సమాధానం చెబితే జయకృష్ణ నా చెవిలో అరవడం. వీధిలో పోయేవాళ్ళు ఏదో తగువనుకుని ఆగారు.

"అంకుల్, ఆ కాలేజీకి వెళ్ళడం నేను చేసిన మంచి పని. మందుల కంపెనీలో ఉండేదాన్ని, అక్కడే పెద్ద స్థానానికి వచ్చాను" అంది.

"మా అమ్మాయి వేరే పనికి మారాలనుకుంటోందమ్మా" అన్నాను. ఆ అమ్మాయి కాఫీ గ్లాసు కింద పెట్టింది.

అప్పుడు నా కాగితం తీశాను. మీ బ్యాచ్‌లో కన్సల్టింగ్ కావాలనుకున్నవాళ్ళు ఎంతమంది? అరవై దాకా అంది. దొరికింది ఎంతమందికి? పదకొండు. ఆ పదకొండు మందిలో ముందే ఆ పని చేసి వచ్చినవాళ్ళు ఎంతమంది? ఈ మూడోది చదివి పద్మశ్రీ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "తొమ్మిది మంది అంకుల్" అంది. అంటే కొత్తగా లోపలికి వెళ్ళింది ఇద్దరు. "ఈ ప్రశ్న నేను చేరేముందు ఎవర్నీ అడగలేదంకుల్. మీకెలా తట్టింది?" అంది. ఇందులో తట్టడానికేముంది? ఊరికి కరెంటొచ్చిందంటే సరిపోతుందా? ముందు లేని ఇళ్ళు ఎన్నింటికి వచ్చిందో చూడాలి కదా.

పూణే గురించి కూడా అడిగాను. అక్కడ చదివిన తన స్నేహితుడికి ఆ అమ్మాయి ఫోను చేసింది. మంచి చెప్పొద్దు, చెడ్డే చెప్పమనమన్నాను. మొదటి ఆరు నెలలూ ఊపిరి సలపదట. ఆ నలభై, పదిహేడు లెక్క నిజమేనట, కానీ దొరకని ఇరవై మూడు మందిలో బాగా చదివేవాళ్ళు కూడా ఉన్నారట. నువ్వు ఆ ఇరవై మూడు మందిలో ఉండొచ్చు. ఇది కూడా నీకు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. వస్తుంటే పద్మశ్రీని ఆఖరి ప్రశ్న అడిగాను. "నీ చెల్లెలైతే ఎక్కడికి పంపుతావమ్మా?" "కన్సల్టింగే కావాలంటే పూణేకి అంకుల్. ఇంకేదైనా అయితే మా కాలేజీకే" అంది.

ఇక నా సంగతి. ముప్పై రెండేళ్ళ సర్వీసులో ఎల్సీ తీసుకోకుండా ఒక్కసారి కూడా స్తంభం ఎక్కలేదు నేను. సబ్‌స్టేషన్ వాళ్ళు ఈ లైను ఆపేశాం, ఎక్కు అని మాట ఇస్తేనే చెయ్యి వెయ్యాలి. ఎంత వానైనా, ఎవరు ఎంత తిట్టినా. జయకృష్ణని అడుగు, "ఇశ్రాయేలు ఎల్సీ రెండుసార్లు అడుగుతాడు" అని నవ్వేవాళ్ళు. అలాంటివాణ్ణి, నిన్ను ఒక్క మాట అడక్కుండా సంఘం ముందు ఎక్కేశాను. ఎక్కింది నేను, షాకు తగిలింది నీకు. చూడు, సాక్ష్యం చెప్పిన రెండు వారాలు దాటాక కానీ నాకు తెలియలేదు.

ఢిల్లీకి వెళ్ళమనీ పూణేకి వెళ్ళమనీ నేను చెప్పను. మళ్ళీ అదే తప్పు అవుతుంది. నీ చదువు, నీ ఉద్యోగం, నువ్వే చూసుకో. లెక్కలో మాత్రం నన్ను వెయ్యకు. ఆ మూడో బల్లనీ వెయ్యకు. నా నోటితో అన్న మాట నా నోటితోనే సరిచేసుకుంటాను. దేవుడికి నా సంగతి తెలుసు, ఆయన దగ్గర ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా మీ యేసుకుమార్ మామయ్య దగ్గరే.

బిర్యానీ హోటలుకి ముందు కొత్తగా ఏం పెట్టారో అడుగుతాను. జనం అంతే, రేటు అంతే అన్నావు. మరి ఏసీ గది కొత్తగా వేశారేమో? మీటరు చూపించమంటాను. అదీ కాకపోతే, ఆ జనం హోటల్లో తింటున్నారా, ఫోనులో చెప్పి ఇంటికి తెప్పించుకుంటున్నారా? తెచ్చేవాడికి ఎంత పోతోంది? ఈ రెండోది జయకృష్ణ చెప్పాడు, నాది కాదు.

ఆత్రంగా,
నాన్న


చెన్నై,
ఏప్రిల్ 1.

నాన్నా! నాన్నా! నాన్నా!

పూణే!

నొక్కేశాను. నీ ఉత్తరం మధ్యాహ్నం ఆఫీసుకి వచ్చింది. మెట్ల మీద కూర్చుని చదివాను. చదివి, అక్కడే ఫోను తీసి, పూణే వాళ్ళకి ఒప్పుకున్నానని పంపి, ఢిల్లీ వాళ్ళకి కృతజ్ఞతలతో వద్దని రాశాను. రెండింటికీ కలిపి నాలుగు నిమిషాలు పట్టలేదు. నెల రోజులు నిద్ర పాడుచేసుకున్నది ఈ నాలుగు నిమిషాల కోసమా! మా టీములో అందరూ ఎందుకు నవ్వుతున్నావని అడుగుతుంటే ఏం చెప్పాలో తెలియలేదు. మా నాన్న భవానీపురంలో ఒకావిణ్ణి ఇంటర్వ్యూ చేశాడు అన్నాను.

నీ మూడో ప్రశ్న, ముందే ఆ పని చేసి వచ్చినవాళ్ళెంతమంది అన్నది, నేను ఎంతమందితో మాట్లాడినా ఒక్కళ్ళని కూడా అడగలేదు. ఎందుకు అడగలేదో తెలుసా? సమాధానం వినాలంటే భయం. నువ్వు చెవులు వినపడక కాగితం మీద రాసుకుని వెళ్ళావు, నేను చెవులుండి వెళ్ళలేదు.

భయం ఇప్పుడు కూడా ఉంది. ఆ ఇరవై మూడు మంది గుర్తొస్తున్నారు. కానీ ఇది నా భయం, నేను కోరుకున్నదాని గురించి. పోయిన నెలంతా పడ్డ భయం వేరు.

బిర్యానీ సంగతి: ఇంటర్వ్యూలో నువ్వు రెండో రౌండుకి వెళ్ళిపోయావు. జయకృష్ణ మావయ్యని కూడా పిలుస్తారు.

ఒక్కటే అడుగుతున్నాను. ఈ ఆదివారం నిలబడకు. ఈస్టరు. హైదరాబాదు నుంచీ బెంగుళూరు నుంచీ అందరూ వస్తారు, బయట షామియానా కింద కూడా జనం ఉంటారు. ఒక వారం ఆగు. లేదా నేను వచ్చేదాకా ఆగు, పక్కన నేను నిలబడతాను. ఈ ఉత్తరం శనివారంలోగా అందాలని స్పీడ్ పోస్టులో వేస్తున్నాను.

నీ పూణే కూతురు,
డయానా


పామర్రు,
ఏప్రిల్ 6, సోమవారం.

చెప్పేశాను తల్లీ! ఈస్టరు రోజునే, నిండు సంఘంలో నిలబడి చెప్పేశాను!

నీ ఉత్తరం శనివారమే అందింది. ఆగమన్నావని చదివాను కూడా. కానీ ఆలోచించు, మొదటిసారి చెప్పినప్పుడు నూట యాభై మంది విన్నారు. వాళ్ళ నోటి మీదుగా ఊళ్ళన్నీ తిరిగింది. సరిచేసుకునేటప్పుడు తక్కువ మంది ఉన్న రోజు చూసుకుంటే అది దొంగతనంలా ఉంటుంది. అయినా పూణే అని చదివాక వారం ఆగడం నా వల్ల అయ్యే పనా?

మీ అమ్మ ముందు, "కొత్త చీర కట్టుకుని నేను ఆ అవమానం చూడలేను, ఇంట్లోనే ఉంటా" అంది. నేను చెప్పులు వేసుకుని చూస్తే గేటు దగ్గర నిలబడి ఉంది, కొత్త చీరతోనే. "రండి, ఎలాగూ చెబుతారు, కనీసం వణక్కుండా చెప్పండి" అంది.

వణికాను. కాళ్ళు వణికాయి. నలభై అడుగుల స్తంభం మీద వణకని కాళ్ళు. నేను లేవగానే పాస్టరు గారు చిరునవ్వుతో చెయ్యి చాపారు, మళ్ళీ ఏదో మంచి కబురనుకుని. మంచి కబురేగా మరి! ఇలా అన్నాను:

"నెల కిందట నేను ఇక్కడ నిలబడి దేవుడు నా కూతురికి ఒక చోటు ఇచ్చాడని చెప్పాను. అది నిజం. ఆ చోటు పేరు కూడా చెప్పాను. ఆ పేరు చెప్పింది నేను, దేవుడు కాదు. నా బిడ్డని అడక్కుండా, గొప్ప కోసం, దేవుడి వేలు అని అబద్ధం చెప్పాను. నా మాట పోతుందని నా బిడ్డ తనకి సరిపడని చోటికి వెళ్ళడానికి సిద్ధపడింది. అందుకని నా మాట నేనే తీసేసుకుంటున్నాను. నా బిడ్డ పూణే వెళ్తోంది. రెండేళ్ళు చదువుతుంది. కోరుకున్న ఉద్యోగం వస్తుందో రాదో నాకు తెలియదు. ఎంచుకున్నది మాత్రం తనే. నాకు ఢిల్లీ అన్న రోజు కంటే ఈ రోజు ఎక్కువ సంతోషంగా ఉంది."

అంతే. తర్వాత ఏం జరిగిందో నాకు తెలియదు. మీ యేసుకుమార్ మామయ్య లేచాడు. ముఖం ఎర్రగా ఉంది, పెదాలు గబగబా ఆడుతున్నాయి. నన్ను తిడుతున్నాడనుకుని తల వంచుకున్నాను. మీ అమ్మ తర్వాత చెప్పింది, "మా బావ ఇంతమంది ముందు తప్పొప్పుకున్నాడు. పిల్ల దేవుణ్ణి కాదందని ఎవరైనా గుసగుసలాడితే నాతో మాట్లాడండి" అన్నాడట! కూర్చున్నాక మాత్రం "రెండేళ్ళా!" అని మీ అమ్మని అడిగాడట.

పాస్టరు గారు కిందికి దిగి వచ్చి, నా చెవికి నోరు ఆనించి, "ఇశ్రాయేలు గారూ, ఆ రోజు అందరికంటే పెద్దగా ఆమేన్ అన్నది నేనే కదండీ. సగం తప్పు నాది" అన్నారు. నేను నవ్వేశాను. ఆయనా నవ్వారు. అప్పుడిక అందరూ నవ్వారు. తర్వాత నీ కోసం ప్రార్థన చేశారు. ఈసారి ఏ కాలేజీ పేరూ ఎత్తలేదట, "ఆ బిడ్డ ఎంచుకున్న చోట తోడుండు" అన్నారట. మీ అమ్మ ఏడ్చిందని నేను రాసినట్టు చెప్పకు.

ఇక త్వరగా చెయ్యాల్సిన పని. నేను ఢిల్లీ అని చెప్పినవాళ్ళందరికీ ఇప్పుడు పూణే అని చెప్పాలి. సగం నేను రాస్తాను, సగం నువ్వు ఫోను చెయ్యి. ఎవరెవరంటే:

అవనిగడ్డలో మీ పెద్దత్త అమలమ్మ. అందరికంటే ముందు ఆవిడకే. రెండో మనిషిగా తెలిస్తే ఏడాది మన ఇంట్లో భోజనం చెయ్యదు.

యేసుకుమార్ మామయ్య. విన్నాడు, అయినా మళ్ళీ చెప్పాలి. రెండేళ్ళు ఎందుకో, ఆ వేసవి రెండు నెలల సంగతీ, అరవై మందిలో ఇద్దరు, నలభై మందిలో పదిహేడు, ఆ అంకెలు చెప్పు. అంకెలైతే నమ్ముతాడు.

హైదరాబాదులో మీ ఫిన్నీ అక్క. నీ ఫొటో పక్కన ఢిల్లీ కాలేజీ గేటు ఫొటో పెట్టి ఫోనులో అందరికీ చూపిస్తోందట. గేటు మార్చమను. నీ ఫొటో మాత్రం అదే ఉంచమను, బాగుంది.

గుడివాడ చిన్నాన్న. ఢిల్లీ చలికని నీకోసం దళసరి రగ్గు కొన్నాడు. పూణేలో అంత చలి ఉండదని చెప్పు, రగ్గు మాత్రం వద్దనకు.

జయకృష్ణ, పద్మశ్రీ. చుట్టాలు కారు కానీ ఇప్పుడు అయిపోయారు.

ఆఖరుగా కూచిపూడి దగ్గరుండే మా మేనత్త, మీ కొండలమ్మ మామ్మ. తొంభై ఒకటి. ఆవిడకి నిన్న మధ్యాహ్నమే నేనూ మీ అమ్మా వెళ్ళి చెప్పాము. ఢిల్లీ కాదత్తా, పూణే అన్నాను. ఆవిడకి రెండూ ఒకటే. ఆవిడ మాటలు మీ అమ్మ నాకు పెద్దగా తిరిగి చెప్పింది. "ఎక్కడికి వెళ్ళాలో పిల్లే చూసుకుందా?" అందట. చూసుకుందత్తా అన్నాను. "మన ఇంట్లో ఆడపిల్ల తన చోటు తను చూసుకోవడం ఇదే మొదలురా ఇశ్రాయేలూ" అని, కళ్ళు కనపడకపోయినా మంచం మీద లేచి కూర్చుంది. ఆ మాట నీ నోటితో ఇంకోసారి వినాలంటోంది. ఇది అందిన రోజే ఫోను చెయ్యి. ఆవిడ చెవులు నా చెవుల కంటే నయం.

నాన్న